‘స్నాగ్’ అనే ఇంగ్లీషు మాటకు సరైన అర్థం ఏమిటి, అది ఎక్కడ పుట్టింది?

బందరు రోడ్డు అనువాదకురాలు (విజయవాడ):

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. ప్రస్తుతం నా చేతిలో ఉన్న రెండు పనుల్లోనూ ‘స్నాగ్’ అనే మాట ఎదురైంది. మొదటిది ఒక అపార్టుమెంటు అప్పగింత పత్రం. అందులో ‘స్నాగ్ లిస్ట్’ అనే శీర్షిక కింద స్నానాల గది నేలకు వాటం సరిపోలేదనీ, వంటింటి గట్టు గ్రానైటు అంచు పెచ్చు లేచిందనీ, బాల్కనీ తలుపుకు గడియ పడటం లేదనీ వరుసగా రాశారు. రెండవది పిల్లల కోసం రాసిన వ్యాసం. 2019 జూలై 15 తెల్లవారుజామున శ్రీహరికోటలో చంద్రయాన్-2 ప్రయోగం 56 నిమిషాల ముందు ఆగిపోయిన సంగతి చెబుతూ, నాటి ప్రకటనలో ఇస్రో వాడిన ‘టెక్నికల్ స్నాగ్’ అనే మాటనే రచయిత కూడా వాడారు.

గడియ పడకపోవడమూ స్నాగే, రాకెట్టు ఆగిపోవడమూ స్నాగే అయితే, ఆ మాటకు కష్టం, సమస్య, ఇబ్బంది అనే సాధారణమైన అర్థమే ఉందా, లేక వాటిలో లేని ఛాయ ఏదైనా ఉందా అన్నది నా సందేహం. ఇది కేవలం మాటల్లో దొర్లే పదమా, పత్రాల్లో కూడా చెల్లుతుందా అన్నది సైతం తెలిసినవారు చెప్పగలరు. పుట్టుక తెలిస్తే తెలుగులో ఏ మాట పెట్టాలో తేల్చుకోవడం సులువవుతుందని అడుగుతున్నాను.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):

అమ్మా, నిఘంటువులో ‘స్నాగ్’ ఎదురుగా సమస్య, ఇబ్బంది, లోపం అనే మాటలన్నీ కనిపిస్తాయి గానీ, వాడుకను గమనిస్తే అది ఎక్కడ పడితే అక్కడ ఇమిడే మాట కాదని తెలుస్తుంది. పేదరికాన్ని ఎవరూ స్నాగ్ అనరు. దీర్ఘకాలపు జబ్బును స్నాగ్ అనరు. అంతా సవ్యంగా సాగుతున్న పనిలో, అంతవరకు లెక్కలోకి రానిది ఒకటి తగిలి, పని అక్కడ నిలిచిపోతే దాన్ని స్నాగ్ అంటారు. ‘దేర్ ఈజ్ ఓన్లీ వన్ స్నాగ్’ అనే వాక్యాన్ని మనం ‘అంతా బాగానే ఉంది గానీ ఒక్కటే మెలిక’ అని చెప్పుకుంటాం. పెళ్లి సంబంధం కుదిరింది, జాతకాలు కలిశాయి, అబ్బాయి సెలవు మాత్రం మాఘమాసంలో లేదు, అది స్నాగ్. సంబంధమే కుదరకపోతే దానికి వేరే మాటలున్నాయి.

ఇక స్థాయి మాటకొస్తే, ఈ అర్థానికి ‘వ్యావహారికం’ అని గుర్తు వేసే నిఘంటువులు ఉన్నాయి. అయినా ఇది బజారు మాట కాదు. పత్రికల్లో నిర్భయంగా వాడతారు. ఇంగ్లీషు పత్రికల శీర్షికలకు ఇది మరీ ఇష్టమైన మాట. నాలుగక్షరాల్లో ఇమిడిపోతుంది కనుక ఇరుకు శీర్షికలో ‘డిఫికల్టీ’ పెట్టడం కన్నా ‘స్నాగ్’ పెట్టడం సంపాదకుడికి హాయి. పిల్లలకు వ్యాసాలు రాయించేటప్పుడు మాత్రం న్యాయస్థానానికి రాసే అర్జీలోనూ, సంతాప సందేశంలోనూ ఈ మాట వాడవద్దని చెబుతుండేవాణ్ణి.

పటమట పాఠకుడు (విజయవాడ):

మాస్టారు చెప్పిన ‘అంతవరకు లెక్కలోకి రానిది’ అన్న మాటకు ఆధారం వ్యుత్పత్తిలోనే ఉంది.

ఈ మాట ఇంగ్లీషులో 16వ శతాబ్ది చివరిపాదం నుంచి కనిపిస్తోంది. అప్పటి అర్థం చెట్టు మొండెం, లేదా కొమ్మ నరికిన చోట చెట్టుకు మిగిలిపోయిన మొనదేలిన మోడు. ఇది స్కాండినేవియా భాషల నుంచి వచ్చి ఉంటుందని భాషావేత్తల అభిప్రాయం. పాత నార్స్ భాషలో ‘స్నాగీ’ అంటే గోడకు దిగగొట్టి బట్టలు తగిలించుకునే కొయ్య, అంటే మన చిలక్కొయ్య. ఐస్‌లాండ్ భాషలో ఈనాటికీ ఆ మాటకు అదే అర్థం. నార్వే మాండలికాల్లో దగ్గరి రూపానికి పొడుచుకొని వచ్చిన మొన అని అర్థం. వరస తప్పి ముందుకు పొడుచుకొచ్చిన పన్ను ఉన్నవారిని ఇంగ్లీషులో ‘స్నాగుల్-టూత్‌డ్’ అనడం కూడా ఈ మొన అనే అర్థం నుంచే వచ్చింది.

అంటే మూలార్థంలో కష్టం అనే భావమే లేదు. ఒక మొన ఉంది, అది పొడుచుకొని ఉంది, దారిన పోయేది ఏదో ఒకటి దానికి తగులుకుంటుంది. ఆ తగులుకోవడం నుంచి తరువాతి అర్థాలన్నీ పుట్టాయి. నదిలో పడవలకు ప్రమాదంగా నీటి అడుగున నిలిచిన మాను అనే అర్థం అమెరికాలో 19వ శతాబ్ది తొలి ఏళ్లలో వ్రాతల్లోకి వచ్చింది. ‘తగులుకొని నిలిచిపోవు’ అనే క్రియ కూడా ఆ కాలపు అమెరికా వాడుకే. కంటికి కనపడని అడ్డంకి అనే భావార్థం 1830 ప్రాంతం నాటికి స్థిరపడింది. ఆ కాలమే ఎందుకు, అమెరికాయే ఎందుకు అన్నది నదుల సంగతి తెలిసినవారు చెబితే బాగుంటుంది.

సీతానగరం రేవు (తాడేపల్లి, గుంటూరు జిల్లా):

నా ఇష్టమైన విషయానికి వచ్చారు. మా పెద్దలు కాలువ పడవల మీద బతికినవారు కనుక నదుల రవాణా చరిత్ర దొరికినంత చదువుతూ ఉంటాను.

మిసిసిపీ, ఒహాయో, మిస్సోరీ నదుల గట్లు మెత్తటి ఒండ్రుమట్టి గట్లు. వరద వచ్చినప్పుడు గట్టు అడుగు కోసుకుపోయి, పైన ఉన్న మహావృక్షాలు వేళ్లతో సహా నదిలో పడేవి. వేళ్లకు అంటుకున్న మట్టి బరువు వల్ల ఆ చివర ముందుగా మునిగి నది అడుగున దిగబడేది. తేలికగా ఉన్న రెండో చివర ప్రవాహం తోసినట్టుగా దిగువ వైపుకు వాలేది. కొమ్మలన్నీ విరిగి రాలిపోయాక మిగిలేది దిగువ నుంచి వచ్చే పడవ వైపు గురిపెట్టిన బల్లెం లాంటి మాను. అందుకే దిగువకు పోయే పడవల కన్నా ఎదురెక్కే పడవలకే ఎక్కువ ప్రమాదం. నీళ్లు బురదగా ఉండేవి, మాను కొస నీటిమట్టానికి కాస్త కిందుగా ఉండేది, ఆవిరి పడవల అడుగు పలచటి చెక్క. తగిలిందంటే అడుగు చీలి నీళ్లు లోపలికి వచ్చేవి.

అక్కడి సరంగులు వీటిలో కూడా తేడాలు గుర్తించి వేరువేరు పేర్లు పెట్టుకున్నారు. కదలకుండా పాతుకుపోయిన మానును ‘ప్లాంటర్’ అన్నారు. ప్రవాహం తోపుకు మునుగుతూ, మళ్లీ పైకి లేస్తూ, రంపం కోసేవాడిలా ఊగే మానును ‘సాయర్’ అన్నారు. సాయర్ మునిగి ఉన్న క్షణంలో పడవ దాని మీదికి వస్తే సరంగుకు కనపడే అవకాశమే లేదు.

1856లో ‘అరేబియా’ అనే ఆవిరి పడవ మిస్సోరీ నదిలో కాన్సస్ సిటీ దగ్గర ఇటువంటి వాల్‌నట్ మానుకు తగిలి కొద్ది నిమిషాల్లో మునిగిపోయింది. ప్రయాణికులందరూ బయటపడ్డారు, కట్టి ఉంచిన ఒక కంచరగాడిద మాత్రం చనిపోయింది. తరువాత నది తన దారి మార్చుకోవడంతో ఆ పడవ మొక్కజొన్న చేను కింద ఉండిపోయింది. 1988లో తవ్వి తీశారు. అందులోని సరుకును కాన్సస్ సిటీలో ప్రదర్శనకు పెట్టారు.

ఈ ప్రమాదాలు ఎంత పెరిగాయంటే 1824లో అమెరికా కాంగ్రెసు ఒహాయో, మిసిసిపీ నదుల్లోని స్నాగులను తొలగించడానికి 75,000 డాలర్లు కేటాయించింది. ఆ పనిని గట్టెక్కించినవాడు ఆవిరి పడవల కెప్టెన్ హెన్రీ మిల్లర్ ష్రీవ్. ఆయన 1829లో ‘హీలియోపోలిస్’ అనే ప్రత్యేకమైన పడవను తయారు చేయించాడు. రెండు పడవ అడుగులను పక్కపక్కన జోడించి, వాటి మధ్య ముందు భాగంలో ఇనుపరేకు తొడిగిన బలమైన దూలాన్ని బిగించారు. పడవ పూర్తి వేగంతో పోయి ఆ దూలంతో మానును గుద్దేది. విరిగితే సరే, విరగకపోతే గొలుసులు తగిలించి, రాట్నం తిప్పి, పైకి లాగి, పడవ మీదనే రంపాలతో కోసి ముక్కలు చేసేవారు. ఈ పడవలకు జనం ‘అంకుల్ శామ్ (అంటే అమెరికా ప్రభుత్వం) పళ్లు పీకే పడవలు’ అని పేరు పెట్టారు. ఆ తరువాత రెడ్ నదిలో 150 మైళ్లకు పైగా పేరుకుపోయిన మానుల తెట్టెను ష్రీవ్ 1833 నుంచి 1838 వరకు శ్రమించి తొలగించాడు. లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్టు నగరానికి ఆయన పేరే పెట్టారు. తెట్టె మళ్లీ పేరుకోగా 1873లో నైట్రోగ్లిసరిన్‌తో పేల్చి పూర్తిగా వదిలించుకున్నారు.

కాబట్టి 1830 నాటికి స్నాగ్ అంటే ఆ దేశంలో పేరు వినగానే ప్రయాణికుడికి గుండె జారే వస్తువు. ఆ మాట పనుల్లో వచ్చే అడ్డంకికి వ్యాపించడంలో వింత లేదు. ‘హిట్ ఎ స్నాగ్’, ‘రన్ ఇంటు ఎ స్నాగ్’ అనే పలుకుబళ్లలో ఈనాటికీ ఆ పడవ కనిపిస్తుంది. కదిలిపోతున్నది మనం, అది ఉన్నచోటనే ఉంది, మనమే పోయి దానికి తగులుతాం.

బందరు రోడ్డు అనువాదకురాలు:

రేవు గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మన కాలువల్లో ఇటువంటి మాట ఉండేదా అన్నది కూడా మీరే చెప్పాలి. ఇంకొక సందేహం. చీర మేకుకు తగిలి దారం లాగినట్టు అయితే దాన్ని కూడా స్నాగ్ అంటారని బట్టల అమ్మకపు సైట్లలో చూశాను. అది నదిలో మాను నుంచి వచ్చినదేనా?

సీతానగరం రేవు:

కాలువ నదివంటిది కాదు. 1855 ప్రాంతంలో ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కృష్ణా కాలువల్లో లాకుల సాయంతో నీటిమట్టాన్ని సరిచూసుకుంటూ పడవలను తాడుతో గట్టు మీది నుంచి లాగేవారు, లేకపోతే గెడ వేసి నెట్టేవారు. ఆ వేగానికి మాను తగిలినా పడవ చీలదు. ఏలూరు కాలువ నుంచి వచ్చి, బెజవాడలో కృష్ణ దాటి, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో దిగి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ అందుకొని మద్రాసు పోయిన సరుకు పడవలకు ఇసుక మేట, పూడిక, తూటికాడే బాధలు. ‘పడవ మేట వేసింది’, ‘మోడు తగిలింది’ అని మా ఇంట్లో పెద్దలు అనేవారు. మోడు అనే మాట అచ్చంగా స్నాగ్ మొదటి అర్థమే గానీ, మనవాళ్లు దాన్ని పనుల్లో వచ్చే అడ్డంకికి పొడిగించలేదు. తెలుగులో మోడు అంటే చిగురించని బతుకే గుర్తొస్తుంది.

మంగళగిరి మగ్గం (మంగళగిరి):

చీర సంగతి నేను చెబుతాను. అది నదిలోని మాను నుంచి కాదు. పాఠకుడు గారు చెప్పిన మొన నుంచి నేరుగా వచ్చిన అర్థమే. మేకు మొన, తలుపు గొళ్లెం, ఉంగరంలో రాయి ఊడిన చోట మిగిలిన కొక్కెం, వీటిలో ఏదైనా బట్టకు తగిలితే ఒక పోగు తన వరస నుంచి పైకి లేస్తుంది. మేము ‘పోగు లేచింది’ అంటాం. లేచిన పోగు ఒక్కటే అయినా, దాని పొడవునా బట్ట మీద సన్నటి ముడత పడి గీతలాగా కనిపిస్తుంది. చీర చిరగలేదు, రంధ్రం పడలేదు, అయినా కొనేవారి కన్ను అక్కడే ఆగుతుంది. చిరుగుకూ స్నాగ్‌కూ ఉన్న తేడా ఇదే. తెలిసినవారు పోగును తెంపరు. బట్టను అడ్డంగా, నిలువుగా మెల్లగా సాగదీస్తే పోగు చాలావరకు తన చోటికి తాను వెళుతుంది, మిగిలినది సన్నని సూదితో వెనక్కి లాగుతారు. తెంపినవారికి అసలు రంధ్రం అప్పుడు పడుతుంది.

నిజాం అంచు చీరల్లో అంచు దగ్గర జరీ పోగు లేస్తే సరిచేయడం మరీ కష్టం. పత్తి పోగు ముడుచుకొని తన చోటికి పోతుంది గానీ జరీ ఒకసారి వంగితే ఆ వంపు పోదు.

సైట్ పుస్తకం (గుణదల, విజయవాడ):

నేను నిర్మాణ రంగంలో పనిచేస్తాను కనుక స్నాగ్ లిస్ట్ సంగతి నా వంతు. ఇది బ్రిటన్ నుంచి మనకు వచ్చిన వాడుక. అమెరికాలో ఇదే జాబితాను ‘పంచ్ లిస్ట్’ అంటారు. కట్టడం వాడుకకు సిద్ధమైందని నిర్మాణదారు చెప్పిన తరువాత, అప్పగింతకు ముందు, కొనుగోలుదారుడో అతని తరఫు ఇంజినీరో గదిగదీ తిరిగి రాసుకునే లోపాల పట్టిక ఇది. గోడ పగులు లోతైనదై పునాది కుంగిన లక్షణంగా ఉంటే దాన్ని స్నాగ్ లిస్టులో వేయరు, వేయకూడదు; దాని మీద వేరే నివేదిక, వేరే చర్చ ఉంటుంది. పని ఆగిపోనక్కరలేదు, కానీ సరిచేయకుండా సంతకం పెట్టకూడదు అనే స్థాయి లోపాలకే ఈ జాబితా.

ఎలా చూస్తామో ఒక ఉదాహరణ చెబుతాను. స్నానాల గదిలో బకెట్టు నీళ్లు నేల మీద పారబోసి, నీరు జాలీ వైపుకు పోతోందా, మూలకు చేరుతోందా అని చూస్తాం. టైలు మీద రూపాయి బిళ్లతో తడుతూ పోతే, కింద సిమెంటు నిండని చోట మోత డొల్లగా వినిపిస్తుంది. కంటికి ఆ టైలు పక్క టైలులాగే మెరుస్తూ ఉంటుంది. మా మేస్త్రీలు వీటిని ‘టచప్ పనులు’ అంటారు. ఆ మాట నాకు నచ్చదు. పైన పూత వేస్తే సరిపోతుందనే ధ్వని అందులో ఉంది. మా బంధువుల ఫ్లాటు అప్పగింతలో ఒక నిర్మాణదారు జాబితా అంతటినీ ‘చిన్న టచప్‌లు’ అని తేలికచేసి తాళాలు చేతిలో పెట్టాడు. సంతకం పెట్టాక ఆ పనుల కోసం మేస్త్రీ చుట్టూ తిరగడం మావాళ్ల వంతు అయింది.

బ్రాడీపేట మాస్టారు:

సైట్ పుస్తకం గారికి ఒక అభ్యంతరం. ఇంతవరకు మనమందరం స్నాగ్ అంటే దాగి ఉన్నదీ, సాగే పనిని ఆపేదీ అని చెప్పుకున్నాం. మీ జాబితాలోని పెచ్చు లేచిన గ్రానైటు అందరికీ కనిపిస్తూనే ఉంది, అది ఏ పనినీ ఆపడం లేదు. అటువంటప్పుడు ఈ వాడుకలో మాట తన అర్థాన్ని పోగొట్టుకొని ఉత్త ‘లోపం’గా మిగిలిందని ఒప్పుకోవాలి కదా?

సైట్ పుస్తకం:

సగం ఒప్పుకుంటాను మాస్టారూ. గ్రానైటు పెచ్చు విషయంలో మీరన్నదే నిజం. కానీ ఆ జాబితా పుట్టిన అవసరాన్ని చూడండి. ఇల్లు పైకి పూర్తయినట్టే ఉంటుంది. దగ్గరికి పోయి చేయి వేసి తడిమితే గానీ తేలనివే ఎక్కువ. గడియ పడదని తలుపు వేసి చూస్తేనే తెలుస్తుంది. డొల్ల టైలు తట్టితేనే తెలుస్తుంది. అప్పగింత అనే పడవ సాగిపోవాలంటే వీటిని ముందుగా వెతికి తీయాలి. రేవు గారి ష్రీవ్ చేసిన పనీ అదే కదా.

విమాన సంస్థల్లో కూడా ఇటువంటి వాడుకే ఉంది. పైలట్ విమానం దిగాక గమనించిన లోపాన్ని పుస్తకంలో నమోదు చేస్తే మన దేశంలో దాన్ని స్నాగ్ అంటారు. అది సీటు బెల్టు పట్టు కావచ్చు, ఇంజిను కొలమానం కావచ్చు. పత్రికలవారు ‘టెక్నికల్ స్నాగ్ వల్ల విమానం గన్నవరంలో ఆగింది’ అని రాసేది ఆ పుస్తకం భాష నుంచి వచ్చిన మాటే కావచ్చు.

పటమట పాఠకుడు:

అనువాదకురాలికి ఉపయోగపడుతుందని స్నాగ్ చుట్టూ తిరిగే మాటలను కూడా క్లుప్తంగా చెబుతాను. ‘హిచ్’ అంటే కుదుపు, తాడు ముడి; సాగేది ఒక్క క్షణం పట్టుకొని మళ్లీ సాగడం అందులోని భావం. ‘గ్లిచ్’ జారుడు అనే అర్థమున్న యిడ్డిష్ (ఐరోపా యూదుల భాష) మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. విద్యుత్ పీడనం ఉన్నట్టుండి ఎగిసిపడటాన్ని వ్యోమగాములు గ్లిచ్ అంటారని అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ 1962లో వివరించిన తరువాత అది సామాన్యుల నోటికి ఎక్కింది. ‘బగ్’ ఇంకా పాతది. 1947లో హార్వర్డు మార్క్-2 కంప్యూటరులో చిక్కిన చిమ్మట కథను అందరూ చెబుతారు గానీ, యంత్రంలోని లోపానికి ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. స్థూలంగా చూస్తే బగ్ యంత్రం లోపల ఉంటుంది, గ్లిచ్ వచ్చి పోతుంది, స్నాగ్ మాత్రం తీసేవరకు ఉన్నచోటనే ఉంటుంది.

తెలుగు మాట ఎంచుకునేటప్పుడు మరొక జాగ్రత్త కావాలి. మన భాషలో అడ్డంకులకు మాటలు దండిగా ఉన్నాయి గానీ, చాలావాటి వెనుక ఒక మనిషి నిలబడి ఉంటాడు. పేచీ ఒకరు పెట్టాలి. మోకాలు ఒకరు అడ్డాలి. మాస్టారు వాడిన మెలిక కూడా సాధారణంగా ఎవరో ఒకరు పెట్టేదే. ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైలు మీద వేసే కొర్రీ సరేసరి. స్నాగ్ వెనుక మనిషి లేడు. మాను ఎవరి మీదా పగబట్టి నదిలో పడలేదు.

మంగళగిరి మగ్గం:

కొర్రీ అంటే కొర్రు నుంచి వచ్చిందేమో? కొర్రు అంటే మొనదేలిన శూలమే కదా. అలా అయితే స్నాగ్‌కు అచ్చమైన తోబుట్టువు మన దగ్గరే దొరికినట్టు.

పటమట పాఠకుడు:

వినడానికి ముచ్చటగా ఉంది గానీ నేను ఒప్పుకోలేను. కొర్రీ ఇంగ్లీషు ‘క్వెరీ’ నోట నలిగి అయిన రూపమని కార్యాలయాల్లో అందరూ అంటారు, వాడుక కూడా దానికే సాక్ష్యం చెబుతుంది. కొర్రీ ఎప్పుడూ కాగితం మీదనే పడుతుంది, దానికి జవాబు రాయాల్సి ఉంటుంది. పొలంలో, నదిలో, మగ్గం మీద కొర్రీ పడిందని ఎవరూ అనరు. కొర్రు నుంచి పుట్టిన మాట అయితే ముందుగా అక్కడే వినిపించేది.

సీతానగరం రేవు:

స్నాగ్ వెనుక మనిషి లేడన్న పాఠకుడు గారి పరిశీలన నాకు నచ్చింది. దానికి తోడుగా మన ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు, ఎగువన కట్టి ఉన్న భారీ పడవలు తెంచుకొని వచ్చి గేట్లను గుద్దుకున్నాయి. 67, 69, 70వ గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు, అంటే గేటును ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు, దెబ్బతిన్నాయి. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో వాటిని త్వరగానే మార్చారు. అసలు తిప్పలు పడవలతో వచ్చాయి. క్రేన్లతో లాగితే కదలలేదు. గజ ఈతగాళ్లు నీటి అడుగున గ్యాస్ కట్టర్లతో కోయడానికి ప్రయత్నించారు. చివరికి రెండు పెద్ద పడవలను ఇనుప గడ్డర్లతో జోడించి, వాటి మధ్య నుంచి గొలుసు కప్పీలతో మునిగిన పడవను లేపి బయటికి తెచ్చారు.

జంట పడవలు, మధ్యలో ఇనుప దూలం, గొలుసు, కప్పీ. 1829లో ష్రీవ్ కట్టించిన పడవను గుర్తుతెచ్చే అమరిక ఇది. ఆ రోజుల్లో ఇంగ్లీషు పత్రిక ఎవరైనా ‘స్నాగ్’ అని శీర్షిక పెట్టి ఉంటే, ఆ మాట 200 ఏళ్లనాటి తన పాత అర్థంలోనే కుదిరేది.

బ్రాడీపేట మాస్టారు:

రేవు గారూ, ఉదాహరణ బాగుంది గానీ అందులో రెండు దశలున్నాయి. పడవలు వరదలో కొట్టుకొచ్చి గేట్లను గుద్దినప్పుడు అవి స్నాగులు కావు. అప్పుడు కదిలింది అవే, నిలిచి ఉన్నది బ్యారేజీ. మీరే చెప్పిన లక్షణం ప్రకారం స్నాగ్ తాను వచ్చి తగలదు, మనం పోయి తగులుతాం. గేటు ముందు మునిగి, అడుగున దిగబడి, గేట్ల పనికి అడ్డుగా కూర్చున్న తరువాతనే వాటికి ఆ పేరు చెల్లుతుంది.

సీతానగరం రేవు:

ఆ భేదం సరైనదే మాస్టారూ. కొట్టుకొచ్చే దుంగకూ, దిగబడిన మోడుకూ పడవలవాళ్లు ఒకే పేరు పెట్టరు. దుంగను గెడతో పక్కకు నెట్టవచ్చు.

బందరు రోడ్డు అనువాదకురాలు:

మీ అందరి మాటలూ విన్నాక నా పనికి సంబంధించి ఒక నిర్ణయానికి వచ్చాను. రెండు చోట్లా ఒకే తెలుగు మాట పెట్టాలనే పట్టుదల వదిలేస్తున్నాను. అపార్టుమెంటు పత్రంలో ‘సరిచేయవలసిన లోపాల పట్టిక’ అని రాస్తాను. దాని కింద, సంతకానికి ముందు సరిచేయవలసినవి అనే షరతు కూడా ఉంది కనుక సైట్ పుస్తకం గారు భయపడిన టచప్ ధ్వని రాదు. పిల్లల వ్యాసంలో ‘విఘ్నం’ అని ఒకసారి రాసి కొట్టేశాను. ఆ మాట రాగానే వినాయకుడికి కొబ్బరికాయ కొట్టాలనిపిస్తుంది, పైగా లోపాన్ని ఇంజినీర్లు వెతికి పట్టుకున్నారనే సంగతి మరుగున పడుతుంది. ‘అవాంతరం’ బాగానే ఉంది గానీ పదేళ్ల పిల్లలకు బరువు. ‘సమస్య’ మరీ చప్పగా ఉంది. చివరికి ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి:

‘అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కౌంట్‌డౌన్ నడుస్తోంది. ఇంకా 56 నిమిషాలు ఉందనగా వాహక నౌకలో ఒక సాంకేతికమైన చిక్కు బయటపడింది. శాస్త్రవేత్తలు ప్రయోగాన్ని ఆపి, దాన్ని సరిచేసి, జూలై 22న చంద్రయాన్-2ను నింగిలోకి పంపారు.’

సైట్ పుస్తకం:

పట్టికలో ప్రతి లోపానికి ఎదురుగా ‘సరిచేసిన తేదీ’ అని ఒక గడి ఉందేమో చూడండి. ఇంగ్లీషు పత్రంలో ఉంటే అనువాదంలో జారిపోకుండా చూసుకోవాలి. కొనుగోలుదారుడికి పనికొచ్చేది ఆ గడే.

బ్రాడీపేట మాస్టారు:

చిక్కు బాగా కుదిరిందమ్మా. ఎవరూ పెట్టనక్కరలేకుండా దానంతట అదే పడుతుంది, ఓపికగా తీస్తే పోతుంది. ‘సాంకేతికమైన’ బదులు ‘సాంకేతిక’ అంటే చాలు. దాని ముందున్న ‘ఒక’ కూడా తీసేయండి. అది ఇంగ్లీషు వాక్యంలోని ‘ఎ’ వెంట వచ్చినది. మిగిలినది అలాగే అచ్చుకు పంపవచ్చు.